సిద్ధమ్మ కడిగిన మిషను

మా అవ్వ సిద్ధమ్మ ఎవరి వస్తువు తెచ్చుకున్నా కడగకుండా తిరిగి ఇవ్వదు. పక్కింటి గిన్నె అయితే చింతపండు పెట్టి తోమి మరీ ఇస్తుంది. గొడుగు తెచ్చుకున్నా దానికి సబ్బునీళ్ల స్నానం తప్పదు. చిత్తూరు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు కాయలు కోసిన మనిషి ఆమె. అక్కడ లోపలికి వెళ్లే ముందు గోళ్లు చూసేవాళ్లు. సాయంత్రం కత్తులూ బల్లలూ వేడినీళ్లతో కడిగించేవాళ్లు. పని మానేసి ఆరేళ్లయినా ఆ సూపర్‌వైజరు ఇంకా ఈమె తలలో కూర్చునే ఉన్నాడు. నేను చేతులు కడగకుండా పళ్లెం ముందు కూర్చుంటే, ఇంటర్ ఎందుకు తప్పానో ఆమెకు అప్పుడే అర్థమైపోతుంది.

ఆ కోతల వల్లే కుడి భుజం పట్టేసింది. కొప్పు ముడుచుకోవడానికి కూడా చెయ్యి పైకి లేవదు, నేనే ముడవాలి. మా వీధి చివర ఆయిషా బీకి మోకాళ్ల నొప్పులు. ఆమె దగ్గర చేత్తో పట్టుకునే మసాజ్ మిషను ఉంది. ప్లగ్గు పెడితే దాని గుండ్రటి తల గడగడా అదురుతుంది. "నాలుగు దినాలు పెట్టుకో సిద్ధక్కా, శుక్రవారం పొద్దునకి నాకు కావల్ల" అని ఆమె ఇచ్చింది. అవ్వ భుజానికి నువ్వుల నూనె, కర్పూరం దట్టంగా పట్టించి మిషను ఆనించుకునేది. "కొండ బస్సెక్కినట్టుండాదే" అని కళ్లు మూసుకునేది.

గురువారం పొద్దున పళ్లు తోముకుంటూ దొడ్లోకి వెళ్లేసరికి మిషను బకెట్‌లో మునిగి ఉంది. తీగ మాత్రం బకెట్ అంచు మీంచి బయటికి వేలాడుతోంది.

"ఇదేందవ్వా?"

"జిడ్డు పోవల్ల గదా. సీకాయ పెట్టి రుద్దినాను. సందుల్లో ఎంత మురికుండాదో సూడు. ఆయిషా ఎప్పుడూ తుడిసినట్టు లేదు."

"కరెంటు మిషన్ని ఎవురైనా నీళ్లలో నానబెడతారా?"

"తీగ తడపలేదు గదమ్మే. కరెంటు ఉండేది తీగలో గదా."

మిషను అడుగున అంటించిన కాగితాన్ని కూడా మురికి అనుకుని గీకేసింది. ఆ ముక్కను బండ మీద పరిచి చూపించాను. కుళాయి బొమ్మ, దాని మీద ఎర్రటి అడ్డగీత. అవ్వ దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. తర్వాత మిషన్ని పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తింది. గాలి రంధ్రాల్లోంచి నీళ్లు కారాయి. నవ్వొచ్చింది గానీ, ఆమె ముఖం చూసి మింగేశాను.

"రేపు ఆయిషా దీన్ని మోకాలికి పెట్టుకుని స్విచ్చేస్తే?" అంది.

షాక్ కొడుతుందని ఇద్దరికీ తెలుసు.

మిద్దె మీద తువ్వాలు పరిచి మిషన్ని ఎండబెట్టాం. అవ్వ పది నిమిషాలకోసారి మెట్లెక్కి వెళ్లి, దాన్ని చెవి దగ్గర ఊపి చూసి వచ్చేది. లోపల గలగలమంటూనే ఉంది. మధ్యాహ్నం అన్నం వద్దంది. మూడు గంటలప్పుడు దాన్ని కిందికి తెచ్చి ప్లగ్గు దగ్గర నిలబడింది.

"నా భుజానికే పెట్టి సూస్తాను. కొడితే నన్నే కొట్టనీ."

మిషను లాక్కుని సంచిలో వేశాను. అవ్వను కూడా ఆటో ఎక్కించి బస్టాండు దగ్గర మిక్సీలు బాగుచేసే లాల్ బాషా దగ్గరికి తీసుకెళ్లాను. అతను నాలుగు స్క్రూలు విప్పి, లోపలి నుంచి వెంట్రుకలూ దుమ్మూ నూనె కలిసిన నల్లటి ముద్దను తీసి కాగితం మీద పెట్టాడు.

"ఇంకా సావలేదు పెద్దమ్మా. ఇట్లాంటిదాన్ని ప్లగ్గు తీసేసి, గట్టిగా పిండిన గుడ్డతో తుడవల్ల, అంతే. నూనె రాసుకుంటే పైన పలచటి గుడ్డేసుకుని పెట్టుకోండి. మోటరు ఆరేదానికి రెండు దినాలు."

"రేపు పొద్దునకి కాదా నాయనా?"

"ఇస్తా. ఆ తడి మోటరును ఎవురు పట్టుకుంటారో చెప్తే వాళ్లింట్లో ముందే చెప్పిపెడతా."

తిరిగి వస్తూ నేను మూడు అబద్ధాలు తయారుచేశాను. తిరుపతి బంధువులు పట్టుకెళ్లారు; పిల్లి కింద పడేసింది; ఆ కంపెనీ మిషన్లన్నీ ఇంతేనట. పిల్లిది బాగా కుదిరిందని నాకే అనిపించింది. అవ్వ మా ఇల్లు దాటి, నేరుగా ఆయిషా బీ గడప ముందు ఆగింది. జరిగింది చెప్పింది.

"కడిగినావా? అదేమన్నా చింతపండేసి తోమే బోకెనా సిద్ధక్కా?"

"జిడ్డు పట్టిండాదని..."

ఆయిషా బీ ముఖం మారింది. "నేను ఇచ్చేటప్పుడే జిడ్డుండాదంటావా?"

పొద్దున దొడ్లో అవ్వ అన్నమాట నాకు గుర్తుంది. నేను గోడ మీది క్యాలెండరును శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను. అవ్వ గొంతు సరిచేసుకుంది.

"నీది కాదు. నా నూనే. అంతా నా నూనే."

ఆయిషా బీ మోకాళ్లు తడుముకుంది. "మరి రెండు దినాలు నా మోకాళ్లకి దారేంది?"

అవ్వ కింద కూర్చుని ఆమె కాలు ఒళ్లోకి లాక్కుంది. భుజం లేవదు గానీ చేతుల్లో బలం ఉంది, నొక్కడం మొదలుపెట్టింది. ఆయిషా బీ గోడకు ఆనుకుని, "ఇంకొంచెం కిందికి" అంది. కోపం పోయిందో లేదో నాకు తెలియలేదు. పోనట్టే ఉంది, ఎందుకంటే రెండో కాలు కూడా చాచింది.

రెండు రోజులూ పొద్దునా సాయంత్రం అవ్వ వెళ్లి కాళ్లు నొక్కి వచ్చింది. రాత్రి ఆమె భుజానికి నేను నూనె రాసేదాన్ని. "ఆమె ఏమన్నా అనిందా?" అంటే, "ఏమీ అనలేదు, అదే నాకు బయం" అనేది.

శనివారం సాయంత్రం లాల్ బాషా మా ముందే అరగంట మిషను నడిపి చూపించాడు. అయినా అవ్వకు నమ్మకం కుదరలేదు. ఆయిషా బీ ఇంటికి వెళ్లాక అవ్వ రబ్బరు చెప్పులేసుకుని, చెక్క పీట మీద నిలబడి, నన్ను వాకిట్లోకి పంపించి, స్విచ్చేసింది. మిషను గడగడమంది. పెదాలు బిగించి దాన్ని తన భుజానికే ఆనించుకుంది.

"బాగానే ఉండాది గదా, ఇంగ నాకియ్యక్కా" అని ఆయిషా బీ చెయ్యి చాచింది.

"ఉండు ఆయిషా, ఇంకో రెండు నిమిషాలు సూడనీ. నాకేం కాకపోతే నీకిస్తా."