మారిపోయిన మొదటి ఆప్షన్

2014లో ఎంసెట్‌లో నాకు మంచి ర్యాంకు వచ్చింది. మాది శ్రీకాకుళం తీరంలో చేపల వేటతో బతికే కుటుంబం. ఇంజనీరింగ్ సీటు కోసం ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లో, ఫీజు తక్కువని ప్రభుత్వ కాలేజీనే మొదటి ఆప్షన్‌గా పెట్టుకున్నాను. గడువు చివరి రోజు మరోసారి చూసుకుందామని నాన్నతో ఆమదాలవలస నెట్ సెంటర్‌కి వెళ్లాను. తెర మీద మొదటి పేరు నేనెప్పుడూ వినని ప్రైవేటు కాలేజీది!

“నాన్నా, నా పాస్‌వర్డ్ కాగితం ఎవులికైనా ఇచ్చినావా?”

“నిన్న ఏదో కాలేజీ నుంచి ఒకాయన వచ్చినాడమ్మా. మంచి సీటు వస్తాదంటే ఇచ్చీసినాను. ఏటయినాది?”

ఆ కాగితంతో వాడు నా ఆప్షన్లు మార్చేశాడని చెప్పగానే నాన్న నెత్తి కొట్టుకున్నాడు. “సదువుకున్నోడు గదా అని నమ్మీసినానే!”

గడువు ముగిసేలోపే ఆప్షన్లు మళ్లీ ముందులా మార్చాను. చివరికి ప్రభుత్వ కాలేజీలోనే సీటొచ్చింది. ఆ మోసగాడి మీద కోపం ఇప్పటికీ ఉంది. నాన్నను మాత్రం ఒక్క మాట అనలేకపోయాను. చదువుకున్నవాళ్లంటే ఆయనకున్న ఆ గౌరవమే కదా, నన్ను బడికి పంపింది!