ఒర్సొలా పెళ్లికి ఉమ్మి పరీక్ష

పీతను వెల్లకిలా తిప్పి, కడుపు పక్కన గీత చూసి, అది రేపు పెంకు విడుస్తుందో ఎల్లుండి విడుస్తుందో ఒర్సొలా చెప్పేస్తుంది. మా సాన్ విటాల్ దీవిలో ఆ చూపు ఉన్నవాళ్లు తొమ్మిదిమంది. ఎనిమిదిమంది మగాళ్లు, తొమ్మిదోది ఒర్సొలా. ముప్ఫై రెండేళ్లు ఆమె పక్కనే నిలబడి బుట్టలు కడిగాను, నాకు ఇప్పటికీ ఆ గీత కనబడదు. "నోరు మూసుకుని చూస్తే కనబడుద్దే జెమ్మా" అంటుంది. అది నా వల్ల కాదని ఇద్దరికీ తెలుసు.

పెంకు విడిచిన పీత వెన్నముద్దలా ఉంటుంది. వెంటనే పైకి తీయకపోతే పక్క పీతలే తినేస్తాయి. అందుకే వసంతమంతా, మళ్లీ శరదృతువు మొదట్లోనూ ఒర్సొలా బుట్టలను విడిచి ఎక్కడికీ వెళ్లదు. మొగుడు పోయిన మూడో రోజే వచ్చి బుట్ట ముందు కూర్చుంది. "ఆయన ఎక్కడికీ పోడు, పీత పోద్ది" అంది. మొహమాటం లేని మనిషి. నవ్వితే వంతెన అవతలికి వినబడుతుంది.

అలాంటి మనిషికి అరవై ఆరేళ్ల వయసులో నానె మీద మనసు పడింది. నానె పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. భార్య పోయి ఆరేళ్లయింది. మా పీతల పాకలో నీళ్ల పంపు చెడిపోతే వచ్చాడు. ఒక్క పూటలో బాగుచేశాడు. ఆ తర్వాత కూడా నెలరోజులు వచ్చి బాగుచేస్తూనే ఉన్నాడు.

"పంపు ఎలా ఉంది?" అనేవాడు లోపలికి వస్తూనే.

"నిన్నటిలాగే ఉంది. నువ్వే కొంచెం వంగావు" అనేది ఒర్సొలా.

ఇద్దరికీ పెద్దపెద్ద పిల్లలున్నారు, వాళ్లకేం అభ్యంతరం లేదు. అడ్డం పడింది ఒక్కడే, ఒర్సొలా అన్న అల్వీసె. డెబ్భై ఒక్క ఏళ్లు, మీసాలు చూస్తే నౌక కెప్టెన్ అనుకుంటారు. నిజానికి చేపల మార్కెట్లో మంచు కొట్టేవాడు. అతను చెప్పిన అడ్డం ఏమిటంటే, నానె ఇంటిపేరు కూడా తమలాగే మొరెత్తోయే.

దీనికి బయటివాళ్లు నవ్వుతారు. మా దీవిలో సగంమంది మొరెత్తోలే. నేను పెళ్లాడిన మొగుడూ మొరెత్తోయే. అందుకే ఒక్కో కుటుంబానికి ఒక అడ్డపేరు. అది లేకుండా ఇక్కడ మనిషి మనిషే కాడు. గుర్తింపు కార్డు మీదా ఉంటుంది, సమాధి రాయి మీదా ఉంటుంది. మాది దబ్బనం మొరెత్తో. నానె వాళ్లది పీతగోరు. ఒర్సొలా పుట్టింటివాళ్లది లంగరు.

మొరెత్తో అంటే నల్లటోడు అని మాకు పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ మొదటి నల్లటోడు ఎవడన్నదే గొడవ. తూర్పు సముద్రం నుంచి వచ్చి, ఓడ మునిగితే లంగరు పట్టుకుని ఒడ్డుకు చేరిన కెప్టెన్ అంటాడు అల్వీసె. ఇనుప లంగరు పట్టుకుంటే తేలేదెట్లా అని ఇంతవరకు ఎవరూ అతన్ని అడగలేదు. ఆ కెప్టెన్ పెద్దకొడుకు సంతానం లంగరువాళ్లట. ఇంట్లోంచి తరిమేసిన చిన్నకొడుకు సంతానం పీతగోరువాళ్లట.

"ఒకే రక్తం. అది మళ్లీ తిరిగొచ్చి కలవకూడదు" అన్నాడు అల్వీసె చెల్లెలితో.

"కలిస్తే ఏమవుద్ది? అరవై ఆరేళ్లకి నేనేమన్నా పిల్లల్ని కంటానా?"

"మాట అది కాదు. తాతలు నవ్వుతారు."

"నవ్వనియ్యి పాపం. అక్కడ వాళ్లకి వేరే పనేముంది?"

మాటలకేం, ఎన్నైనా ఆడుతుంది. కానీ అన్న లేకుండా ఒర్సొలా పెళ్లికి చర్చి మెట్లెక్కదు. మా దగ్గర పెళ్లికూతురు పడవలో చర్చి మెట్ల దగ్గరికి వస్తుంది. పడవలోంచి మెట్టు మీదకు చెయ్యి పట్టుకుని దింపాల్సింది పుట్టింటి పెద్ద మగాడు. మొదటి పెళ్లికి నాన్న దింపాడు. నాన్న లేడు కాబట్టి ఇప్పుడు అల్వీసె దింపాలి. వేరేవాళ్లు దింపితే ఆ మనిషి పుట్టిల్లు తెగినట్టే. "వాడు నన్ను మోసి పెంచాడే జెమ్మా. వాడి చెయ్యి లేకపోతే నాకీ పెళ్లి వద్దు" అంది నాతో. ఆ రోజు నేను నిజంగానే నోరు మూసుకున్నాను.

అలా ఒక వసంతం గడిచింది. రెండో వసంతంలో విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రొఫెసరమ్మ, ఇద్దరు కుర్ర డాక్టర్లు వచ్చారు. ఒకే ఇంటిపేరున్న మగాళ్ల ఉమ్మి తీసి చూస్తే, అందరూ ఒక్క తాతకే పుట్టారా, పదిమందికి పుట్టారా తెలిసిపోతుందట. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే దిగే గుర్తు ఏదో ఉందట.

"మరి నా ఉమ్మి?" అంది ఒర్సొలా.

"ఆడవాళ్లలో ఆ గుర్తు ఉండదమ్మా" అంది ప్రొఫెసరమ్మ.

"చూశావా జెమ్మా! పెళ్లయ్యేదాకా ఆ లంగరు ఇంటికి వండిపెట్టాను, ఉమ్మికి కూడా పనికిరాలేదు."

అల్వీసె మాత్రం మీసం దువ్వుకుని ముందు వరసలో నిలబడ్డాడు. నానె వెనకాల నుంచి "బావా, మెల్లగా ఉమ్ము, గొట్టం పగిలిపోద్ది" అన్నాడు.

"ఎవడ్రా నీకు బావ?"

"కాగితం వచ్చాక చెప్తాలే."

"కాగితంలో మనది వేరు వేరు వంశం అని వస్తే, నా చెల్లెల్ని నేనే దింపుతా. రాకపోతే నువ్వు మళ్లీ ఆ పంపు ముట్టుకోకూడదు. వినండర్రా అందరూ!"

అందరూ విన్నారు. ఒర్సొలా మొహం తెల్లబడింది. తన రెండు వసంతాల ఓపిక ఒక గొట్టంలోకి వెళ్లిపోయింది.

కుర్ర డాక్టరు కాగితం మీద పేరు, ఇంటిపేరు రాసుకుంటున్నాడు. నేను పక్కకెళ్లి "అడ్డపేరు రాయవేం బాబూ?" అన్నాను. దానికి గడి లేదన్నాడు. "మా ఊళ్లో అల్వీసె మొరెత్తోలు నలుగురున్నారయ్యా" అన్నాను. గొట్టం మీద నంబరు ఉందిలెండి అని నవ్వాడు. మర్యాదస్థుడే. నేనే ఇంకొంచెం గట్టిగా చెప్పాల్సింది.

నాలుగు నెలలకు కవర్లు వచ్చాయి. మా దీవిలో అడ్డపేరు లేని ఉత్తరం వస్తే పోస్టుమ్యాన్ తల గోక్కోడు. వంతెన పక్క బార్‌లో పెట్టి వెళ్లిపోతాడు. ఎవరిదని తోస్తే వాళ్లు తీసుకుంటారు. ముత్తాతల నాటి నుంచీ అంతే. ఒకే పేరున్న నాలుగు కవర్లు బల్ల మీద పడ్డాయి, నలుగురు అల్వీసెలు తలా ఒకటి తీసుకున్నారు.

మా అల్వీసె, అదే ఒర్సొలా అన్న, బార్‌లోనే కవరు చించి గట్టిగా చదివాడు. "మీది రెండో గుంపు." నానె కాగితం జేబులోనే ఉంది. దాంట్లోనూ రెండో గుంపే.

"ఒకే వేరు! నేను చెప్పలేదూ?" అని అల్వీసె బల్ల గుద్దాడు. అందరికీ తెల్ల వైన్ పోయించాడు. నానె గ్లాసు ముట్టుకోలేదు.

ఆ వారం ఒర్సొలా నవ్వు వంతెన దాకా కాదు కదా, పాక గుమ్మం దాకా కూడా రాలేదు. ఒకరోజు పెంకు విడిచిన పీతలు మూడు బుట్టలోనే ఉండిపోయాయి, మిగతావి తినేశాయి. ముప్ఫై రెండేళ్లలో అలా జరగడం నేను చూడలేదు. పంపు కూడా గుర్రుమంటోంది, నానె రావడం లేదు. నేను పొలెంటా, మా మొక్కజొన్న సంకటి, తెచ్చి ముందు పెట్టినా ముట్టుకోలేదు.

"పోనీ చర్చి మానేసి మునిసిపాలిటీలో సంతకం పెట్టెయ్" అన్నాను.

"సంతకం పెడితే పెళ్లవుద్ది. అన్న ఉంటాడా?" అంది.

తర్వాతి ఆదివారం ప్రొఫెసరమ్మ ఫలితాలు చెప్పడానికి చర్చి హాలుకు వచ్చింది. దీవి అంతా అక్కడే ఉంది. ఆమె చెప్పింది విని సగంమంది మొహాలు వాడిపోయాయి. మొరెత్తోలు ఒక్క తాత బిడ్డలు కారట, ఐదుగురు తాతల బిడ్డలట. జుట్టు నల్లగా ఉన్నవాడినల్లా జనం అదే పేరుతో పిలిచారు, ఐదు చోట్ల ఐదు కుటుంబాలకు అదే అతుక్కుంది. ఓడ కెప్టెన్ ఊసు ఎక్కడా లేదు.

అప్పుడు వెనక బెంచీలోంచి నిద్రమొహం అల్వీసె లేచాడు. ముప్ఫై నాలుగేళ్ల కుర్రాడు, ఫెర్రీ మీద టికెట్లు చింపుతూ కూడా ఆవలిస్తాడు.

"అమ్మా, నాది ఐదో గుంపు అని వచ్చింది. ఐదో గుంపువాళ్లు ఎవరు?"

"ఉత్తరాన కొండల్లో వాళ్లు. మేకలు కాసుకునే పల్లెల్లో ఈ గుర్తు ఎక్కువ. ఈ దీవిలో ఒక్కరికే వచ్చింది."

"మరి మా బాబాయికి రెండు వచ్చిందే? బాబాయి, నాన్న ఒక అమ్మానాన్నకే పుట్టారు. మా నాయనమ్మ అలాంటిది కాదమ్మా!"

హాలంతా గొల్లుమంది. ప్రొఫెసరమ్మ నవ్వలేదు, గబగబా దిగివచ్చి అతని కాగితం తీసుకుంది. అడుగున చీమతలంత అక్షరాల్లో పుట్టిన ఏడాది ఉంటుందట, మాలో ఎవరికీ కనబడలేదు. "మీరు డెబ్భై ఒక్క ఏళ్లవారా?" అంది.

"నేనా? పడుకుని లేచినప్పుడు అలాగే అనిపిస్తుందమ్మా."

నలుగురు అల్వీసెలనూ ముందుకు పిలిచారు. కాగితాలు చేతులు మారాయి. రెండో గుంపు నిద్రమొహానిది. మా అల్వీసె చేతిలోకి ఐదు వచ్చింది.

అతను కాగితాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. సముద్రమంతా మాదే అన్నట్టు మీసం తిప్పినవాడు మేకలు కాసుకునేవాళ్ల మనవడు! ఎవడో వెనక నుంచి "మే..." అన్నాడు. ఇంకొకడు అందుకున్నాడు. సాయంత్రానికి ఊరు లంగరు పీకేసి మేక మొరెత్తో అని పెట్టేసింది.

ఒర్సొలా నవ్వలేదు. అన్న మొహమే చూస్తోంది. నానెది రెండు, అన్నది ఐదు, వంశాలు వేరని తేలి పందెం గెలిచింది, కానీ అల్వీసె హాలు దాటి వెళ్లిపోయాడు. రెండు రోజులు తలుపు తీయలేదు.

మూడో రోజు ఒర్సొలా, నేను, నానె ముగ్గురం వెళ్లాం. నానె కిటికీ కింద నిలబడి అరిచాడు: "బావా! కొండల నుంచి పిల్లని తెచ్చుకుంటున్నా. కట్నంగా ఒక చీజ్ ముద్దన్నా ఇవ్వవా?"

కిటికీ ధడాలున తెరుచుకుంది. "నువ్వు పో! పడవల్లో పుట్టిన వంశం నీది. మేకలోడు మెట్ల మీద నిలబడి పెళ్లికూతుర్ని దింపితే జనం నవ్వుతారు."

"నవ్వేది నిన్ను కదా, నీకెందుకు బాధ?" అంది ఒర్సొలా. "నాన్న మంచు కొట్టాడు, నువ్వు మంచు కొట్టావు. మంచు కొండల మీదే కదా ఉండేది? కులవృత్తి చేశావు పో!"

లోపల నుంచి ఒక రకం దగ్గు వినబడింది. అల్వీసె నవ్వు అలాగే మొదలవుతుంది.

"నల్ల కోటు ఇస్త్రీ చెయ్యాలి" అన్నాడు. "మీ వదినకి చేతకాదు. నువ్వే వచ్చి చెయ్యి."

పెళ్లి శరదృతువు చివర్లో, పీతల పని ముగిశాక జరిగింది. పడవను తెడ్డు వేసి నడిపింది నిద్రమొహం, మధ్యలో రెండుసార్లు ఆవలించాడు. నీళ్లు బాగా దిగిపోయి కింది మెట్లు పాచిపట్టి ఉన్నాయి. అల్వీసె ముందు తాను దిగాడు, కాలు జారింది. ఒర్సొలా పడవలోంచే అతని చెయ్యి పట్టి ఆపింది. ఒడ్డునున్న జనం ఒక్క గొంతుతో "మే..." అన్నారు.

"నోళ్లు ముయ్యండ్రా పీతల్లారా!" అని అరిచి అల్వీసె నిలదొక్కుకున్నాడు. తర్వాత చెల్లెలి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, పాచి లేని మెట్టు వెతికి, దాని మీదకు దింపాడు.