కట్ చెయ్యని కాల్

చైనాలో కాలేజీ పిల్లలకు ఇంటర్నెట్ పిచ్చి ఎంత ఉంటే నీకెందుకని మా ఆయన నన్ను చాలాసార్లు అడిగారు. నాకు కాకపోతే ఇంకెవరికి? మా ఒక్కగానొక్క కూతురు అక్కడే డాక్టరు చదువు చదువుతోంది. పైగా నేను, మేము బతుకుతెరువుకొచ్చిన ఈ హిందీ ఊళ్ళో, బిర్సానగర్‌లో ఒక హిందీ మీడియం బడిలో లెక్కల టీచర్ని. ఎవరైనా ‘చాలామంది’ అంటే చాలు, ‘అంటే నూటికి ఎంతమంది?’ అని అడిగేదాకా నాకు తిన్నది అరగదు.

ఇదంతా మా స్టాఫ్ రూమ్‌లో మొదలైంది. చైనా పిల్లలు చదువులు వదిలేసి ఫోన్లలో మునిగిపోతున్నారట, అక్కడ దాన్ని జబ్బు కిందే లెక్కగట్టి వైద్యం కూడా చేయిస్తారట అని సైన్స్ టీచర్ టీ తాగుతూ చెప్పింది. చెప్పి ఊరుకుందా? ‘మీ అమ్మాయి జాగ్రత్త’ అని ఓ మాట నా మీదకి విసిరింది. అది నాకు బాగా గుచ్చుకుంది. ఎందుకంటే ఆ ఏడాదే మా అమ్మాయి చైనీస్ భాష పరీక్ష తప్పింది. దానికి పాఠాలు ఇంగ్లీషులోనే చెప్తారు గానీ, ఆసుపత్రి వార్డులోకి అడుగు పెట్టాలంటే మాత్రం చైనీస్ రావాలి. రోగులకు ఇంగ్లీషు రాదు కదా. రెండోసారి కూడా తప్పితే తోటివాళ్ళంతా వార్డుల్లోకి వెళ్ళిపోతారు, ఇది ఒక్కతీ వెనక మిగిలిపోతుంది.

మొద్దు పిల్ల అయితే సరిపెట్టుకునేదాన్ని. మేము బాగ్‌బేరాలో అద్దెకున్నప్పుడు పక్కవాటా పిల్లలతో ఆడుకుంటూనే ఒడియా పట్టేసిన పిల్ల. హిందీ సంగతి సరేసరి, నేను తెలుగులో అడిగితే అది హిందీ కలిపే జవాబిస్తుంది. అలాంటిదానికి చైనీస్ ఎందుకు అబ్బలేదు? ఫోనే కారణమని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను.

మా ఇంటి పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. సాయంత్రం వంట మొదలుపెట్టేటప్పుడు దానికి వీడియో కాల్ కలిపేదాన్ని. ఫోన్ని పోపుల డబ్బాకి ఆనించి నిలబెట్టేదాన్ని. ఇక కట్ చెయ్యడమన్నది లేదు. రోజూ కొత్త కబుర్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? కాసేపటికి అయిపోయేవి. అయినా కాల్ అలాగే ఉండేది. ఇక్కడ నేను కూరలు తరుక్కునేదాన్ని, అక్కడ అది మంచం మీద కూర్చుని పుస్తకం తిరగేసేది, బట్టలు మడత పెట్టుకునేది. మా ఆయన ఖర్‌కాయి నది అవతల ఆదిత్యపూర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో పనిచేస్తారు. రాగానే చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా వంటింట్లోకి తొంగిచూసి, "ఏటి తల్లీ, తిన్నావా?" అనేవారు. "ఖా లియా నాన్నా" అనేది అది. తండ్రీకూతుళ్ళ మధ్య రోజు మొత్తానికి అంతే మాట. వాళ్ళ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు నడుస్తుంది. రాత్రి వాళ్ళ హాస్టల్లో నెట్ ఆపేసేసరికి మాకు సరిగ్గా భోజనాల వేళయ్యేది. తెర మీద దాని ముఖం కదలకుండా నిలిచిపోయాక నేను కంచాలు పెట్టేదాన్ని.

స్టాఫ్ రూమ్ మాట విన్న రోజున కాల్ కలవగానే అడిగేశాను.

"ఒసే, ఆ చైనా పిల్లలు పొద్దత్తమానూ ఫోన్లోనే ఉంతారంట, నిజివేనేటి?"

"క్యా పతా మమ్మీ. కొందరు ఉంటారు" అంది ఏమో అన్నట్టు. తవ్వితే ఒక్కొక్కటీ చెప్పింది. క్యాంటీన్‌లో గిన్నెకి ఫోన్ ఆనించుకుని సీరియల్ చూస్తూ తింటారట. మంచాలకి పరదాలు కట్టుకుని లోపల ఆటలాడుకుంటారట. అయితే అక్కడ బస్సెక్కాలన్నా, లైబ్రరీ తలుపు తెరవాలన్నా, ఆఖరికి అరటిపండు కొనాలన్నా ఫోనే చూపించాలట. నాకు భలే తమాషాగా అనిపించింది. ఊరంతా ఫోన్‌తోనే నడుస్తున్నప్పుడు ఎక్కడిదాకా అవసరం, ఎక్కడినుంచి పిచ్చి? గీత ఎవరు గీస్తారు?

ఆ గీత గీసే మనిషి కొన్నాళ్ళకు మా వంటింట్లోకే వచ్చింది, ఫోన్లో. అదే యూనివర్సిటీలో సైకాలజీ చదివే చైనా అమ్మాయి. మా అమ్మాయి ఆ పిల్లకి ఇంగ్లీషు నేర్పాలి, ఆ పిల్ల దీనికి చైనీస్ నేర్పాలి. ఇద్దరి మధ్యా అదీ ఒప్పందం. కాలేజీ పిల్లల్లో ఇంటర్నెట్ వ్యసనం ఎంతమందికుందో కనుక్కోవడం ఆ పిల్ల ప్రాజెక్టు. తన ప్రశ్నలు ఇంగ్లీషులో ఎలా పలుకుతాయో చూసుకుందామని ఒక సాయంత్రం మా అమ్మాయి గదికొచ్చి ముందు దాని మీదే ప్రయోగం పెట్టింది. మామూలుగానే కాల్ నడుస్తోంది. నేను ఆనపకాయ కూర కలుపుతూ చెవులు అటు పడేశాను.

"అనుకున్నదానికంటే ఎక్కువసేపు ఆన్‌లైన్‌లో ఉండిపోతావా?"

"రోజూ."

"దానివల్ల చదువు దెబ్బతింటోందా?"

"అవును. చైనీస్."

"దానికోసం స్నేహితులతో బయటికెళ్ళడం మానేస్తావా?"

"ఎప్పుడూ."

ఒక్కో జవాబుకీ నా గరిటె మూకుడు అంచుకి ఠంగుమని తగులుతోంది. దొరికావే అనుకుంటున్నాను. అప్పుడు ఆ పిల్ల అడిగింది: "నువ్వు ఆన్‌లైన్‌లో ఎక్కువగా ఉంటున్నావని ఇంట్లోవాళ్ళు కోప్పడతారా?"

మా అమ్మాయి ఓరగా ఫోన్ వైపు చూసింది. "లేదు" అంది. "ఆన్‌లైన్‌లో లేకపోతే కోప్పడతారు."

ఆ పిల్లకి ఏమీ అర్థంకాక అలాగే చూస్తుంటే, మా అమ్మాయి ఫోన్ని అటు తిప్పి, "మా అమ్మ" అని చూపించింది. ఆ పిల్ల కంగారుగా చెయ్యి ఊపింది. నేనూ గరిటె పట్టుకునే ఊపాను.

"ఆంటీ, మీరిద్దరూ ఇప్పుడు మాట్లాడుకుంటున్నారా?"

"లేదమ్మా, వంట చేసుకుంటున్నాను" అన్నాను నాకొచ్చిన ఇంగ్లీషులో.

"మరి కాల్ ఎందుకుంది?"

అడగడంలో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. క్లాసులో ఎంత చిక్కు ప్రశ్న వేసినా తడుముకోని నేను మూకుడు మీద మూత పెట్టి, మళ్ళీ తీశాను. నూటికి ఎంతమందికి ఉంటుందమ్మా ఈ జబ్బు అని నా ప్రశ్న ఆ పిల్ల మీదకి తోశాను.

అది ప్రశ్నల్ని బట్టి మారిపోతుందని చెప్పింది ఆ పిల్ల. ఏమడిగారు, ఎవర్ని అడిగారు, ఎన్ని ‘అవును’లు వస్తే జబ్బు అనుకున్నారు, వీటిలో ఏ ఒక్కటి మార్చినా లెక్క మారిపోతుందట. అందుకే ఒక్కో చోట ఒక్కో సంఖ్య చెప్తారట. ఈ జవాబు నాకెంత నచ్చిందో! స్టాఫ్ రూమ్‌లో సైన్స్ టీచర్ ముఖాన కొట్టాలని అప్పటికప్పుడే అనుకున్నాను.

"నా ప్రశ్నల ప్రకారం మీ అమ్మాయి జబ్బున్నవాళ్ళలోకే వస్తుంది ఆంటీ" అంది తర్వాత. "కానీ తను ఆటలాడదు, సినిమాలు చూడదు. మీ వంటిల్లు చూస్తూ ఉంటుంది. నేను రమ్మంటే, అమ్మ కాల్‌లో ఉంది అంటుంది. తనని ఎటువైపు వెయ్యాలో నాకు తెలియడంలేదు."

నా సరదా అంతా దిగిపోయింది. సిగ్గేసింది. మా అమ్మాయి తలెత్తలేదు.

ఆ పూట భోజనాల దగ్గర మా ఆయనతో చెప్పాను. ఆయనకి కోపమొచ్చింది.

"ఏటంతావు, కాల్ మానేద్దామంతావా? పని నుంచొచ్చి ఆ పిల్ల మొకం సూడకపోతే నాకు ఇంటికొచ్చినట్టే ఉండదే."

"నాకు మాత్రం ఉంతదేటండీ? మళ్ళీ పరీచ్చ పోతే?"

ఆయన మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయారు.

మర్నాడు దానికి చెప్పాను. పరీక్ష అయ్యేదాకా ఆదివారం ఒక్కరోజే కాల్, అదీ కాసేపే, మిగతా సాయంత్రాలు ఆ పిల్లతో బయట తిరుగు, బజారుకెళ్ళు, బేరాలాడు అన్నాను. ఎప్పుడూ హిందీ కలిపి జవాబిచ్చే పిల్ల అచ్చ తెలుగులో అడిగింది.

"నువ్వుండగలవేటమ్మా?"

"సుబ్బరంగా ఉంతాను" అన్నాను. ఉండలేనని ఇద్దరికీ తెలుసు.

ఆ సాయంత్రాలు ఎలా గడిచాయని అడక్కండి. ఆ చైనా పిల్ల ప్రశ్నలు నాకు నేనే వేసుకుని చూసుకున్నాను. ఆన్‌లైన్‌లో లేనప్పుడు ఏదో పోగొట్టుకున్నట్టుందా? ఉంది. మళ్ళీ ఎప్పుడు కలుపుదామా అని మనసు అటే లాగుతోందా? లాగుతోంది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసినవాళ్ళకి వేరే ప్రశ్న ఉందో లేదో తెలియదు. మా ఆయన అలవాటు కొద్దీ వంటింట్లోకి తొంగిచూడటం, ఫోన్ కనబడక చేతులు కడుక్కోవడానికి పోవడం. ఆదివారాలు మాత్రం అది చెప్పే కబుర్లు మారాయి. కూరగాయల అవ్వ దీని మాటలకి పడీపడీ నవ్విందట. బస్సులో ఒక ముసలాయన దీన్ని పక్కన కూర్చోబెట్టుకుని తప్పులు దిద్దాడట. అవన్నీ నాకు వింతగా ఉండేవి. ఇంకా చెప్పవే, ఇంకా చెప్పవే అని వేధించేదాన్ని.

పరీక్ష పాసయింది. ఆ ఆదివారం కాల్ కలిసేసరికి అది రోడ్డు మీదుంది, పక్కన ఆ పిల్ల. "పాస్ మమ్మీ! వార్డ్‌లోకి పంపిస్తారు" అని అరిచింది. నేను ఎగిరి గంతేశాను. ఇన్నాళ్ళూ దాచుకున్న కబుర్లన్నీ ఇవాళ చెప్పుకోవచ్చని, స్టవ్ కట్టేసి స్టూలు లాక్కుని కూర్చున్నాను. అంతలో ఆ పిల్ల చైనీస్‌లో ఏదో అంది. మా అమ్మాయి తడుముకోకుండా అదే భాషలో ఏదో తిప్పికొట్టింది. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. అది అలా నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో.

"ఏటే? ఏటన్నాదే?"

"కుఛ్ నహీ మమ్మీ. తర్వాత చెప్తాను" అని, నవ్వుతూనే కాల్ కట్ చేసింది. తనంతట తాను కట్ చెయ్యడం అదే మొదలు. నేను కోరుకున్నది అదే. నాకు సంతోషంగానే ఉంది, ఏడుపూ వచ్చింది.

మా ఆయన గుమ్మంలోకి వచ్చారు. "పాపేటి, ఎందుకలా నవ్వింది?"

"చైనీసులో ఏటో అనుకున్నారు, నాకు తెలీలేదండీ" అన్నాను.

"అయితే బాస వచ్చీసినట్టే" అన్నారాయన.