బక్రీద్‌కు అందని కోడె

పెద్దబాపు పోయాడని ఖురంలో మా ఆఫీసు మెట్లు దిగుతుండగా తెలిసింది. రుస్తాఖ్ నుంచి ఆయన అర్బాబ్, అంటే తోట యజమాని, తనే ఫోన్ చేశాడు. పొద్దున కోడెకు నీళ్లు పెట్టి నీడన కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదట. నేను "అచ్ఛా" అన్నాను. అలాంటి కబురుకు అది జవాబు కాదని రెండు మెట్లు దిగాక తోచింది.

ఆయన మా నాన్నకు అన్న. జగిత్యాల వైపు నుంచి గల్ఫ్‌కు వచ్చి ఏళ్ల తరబడి సైట్ పని చేశాడు. నడుము మొరాయించాక ఆ తోటలో కుదిరాడు. తోట చిన్నది. ఖర్జూరం చెట్లు, కాస్త గడ్డి మడి, ఒక కొట్టం, ఆయన రూమ్. ఏటా అర్బాబ్ రెండు కోడెదూడలు కొని తెస్తాడు, మరుసటి బక్రీద్‌కు అవి మాంసమవుతాయి. మధ్యలో వాటిని సాకేది పెద్దబాపు.

నేను శుక్రవారాలు వెళ్లేదాన్ని. అప్పటికే రెండు ఉద్యోగాలు మారి మూడోదానికి చూస్తున్నాను.

"మళ్లా కంపెనీ మారుతున్నవట?"

"ఇంకా లేదు పెద్దబాపూ."

"కోడెలను ఏడాది పొడుగూ ఒక్క గుంజకు కట్టేసి సాదుతున్న. నిన్ను సాదుడు మాత్రం నాతోని కాదు బిడ్డా."

ఆయన ఆ మాంసం ముట్టడు. మరి పెంచడం ఎలా ఉంటుందని ఒకసారి అడిగాను, కొంచెం పొడవాలనే. ఆయన దూడ వెన్ను మీద చేయి నిమురుతూ, కండ ఎంత పట్టిందో చూసుకుంటున్నాడు. "ఉన్నన్ని దినాలు కడుపు మాడొద్దు, కాళ్ల కింద తడి ఉండొద్దు. నా డ్యూటీ అంతే" అన్నాడు. పేర్లు పెట్టలేదు. ఒకటి ఎర్రది, ఇంకోటి నల్లది.

ఈ ఏడు ఆ రెండూ పోయాక తనూ ఊరికి పోతానన్నాడు, ఇక తిరిగి రాకుండా. అర్బాబ్ ఒప్పుకున్నాడు. ఊళ్లో పెద్దమ్మ గోడలకు సున్నం కూడా వేయించింది.

బక్రీద్ నెల ఉందనగా ఒక శుక్రవారం ఆయన అర్బాబ్‌తో పికప్‌లో గడ్డి తేవడానికి వెళ్లాడు. ఎర్రది ఖాళీ తొట్టి నాకుతోంది. సగానికి కోసిన నూనె డబ్బాతో బార్లీ పోశాను. తిని మళ్లీ చూసింది. మళ్లీ పోశాను. నాలుగో డబ్బాకు వీడియో కూడా తీశాను, అంత ముచ్చటగా తింటోంది.

వాళ్లు తిరిగి వచ్చేసరికి దాని ఎడమ డొక్క డోలులా ఉబ్బింది.

"ఎంత పెట్టినవ్?"

"ఒక్క డబ్బా."

ఆయన నా మొహం చూడలేదు, బస్తా మూతి చూశాడు. "అది నోటితోని అడుగుతది బిడ్డా, కడుపుతోని అడగది" అన్నాడు, అంతే. తినే సోడా నీళ్లలో కలిపి సీసాతో పట్టించి, డొక్క పిసుకుతూ, చెట్ల మధ్య నడిపించాడు. అర్బాబ్ పశువుల డాక్టర్‌ను తీసుకొచ్చాడు.

"ఇత్నా దానా కిస్నే దియా?" ఇంత దాణా ఎవరు పెట్టారని డాక్టర్ అడిగాడు.

"మైనే దియా సాబ్" అని తన మీద వేసుకున్నాడు పెద్దబాపు. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

ఎర్రది బతికింది. కానీ వారాల తరబడి మేత సరిగా ముట్టక ఎముకలు తేలాయి. బక్రీద్‌కు నల్లది ఒక్కటే బండెక్కింది. ఇది కోలుకునేదాకా ఆగమన్నాడు అర్బాబ్, కొత్తవాడి చేతికిస్తే చస్తుందని. పెద్దబాపు సరేనన్నాడు. పెద్దమ్మకు ఫోన్‌లో, "కోడెకు పానం బాగలేదే, ఇంకో మూడు నెలలు" అన్నాడు. నా మాట ఎత్తలేదు. ఆ తరువాతి శుక్రవారం నూనె డబ్బా నా చేతికే ఇచ్చాడు. "నువ్వే పెట్టు. చేతికి తెల్వాలె."

ఆ మూడు నెలల్లో రెండో నెల ఆయన పోయాడు.

శవపెట్టె విమానంలో హైదరాబాద్ వెళ్లాక, ఆయన బ్యాగు తీసుకోవడానికి రుస్తాఖ్ వెళ్లాను. బార్లీ పెట్టింది నేనేనని అర్బాబ్‌తో చెప్పాను. ఆయన టోపీ తీసి తల తుడుచుకున్నాడు.

"మాలూమ్ హై. ఉస్ దిన్ వో మేరే సాథ్ గాడీ మే థా."

తెలుసు, ఆరోజు పెద్దబాపు తన పక్కనే బండిలో ఉన్నాడు కదా అని. తెలిసీ ఎందుకు ఊరుకున్నారని అడిగాను.

"వో బోలా, మైనే దియా. ఖలాస్." తనే పెట్టానన్నాడు, ఇక అంతే అని.

అంటే నేను దాచాననుకున్నది ఆ ఇద్దరికీ మొదటి రోజే తెలుసు. నన్ను నొప్పించకుండా ఒకరు అబద్ధం చెబితే, ఆయన మాట పోకుండా ఇంకొకరు నమ్మినట్టు ఉండిపోయారు. నేను మాత్రం ప్రతి శుక్రవారం వచ్చి, చెబుదామనుకుని, చాయ్ తాగి వెళ్లాను.

కొట్టంలో ఎర్రది ఒక్కటే ఉంది. బాగా ఒళ్లు చేసింది. దానికిక వచ్చే బక్రీదే. సెలైన్ ఎక్కించడానికి డాక్టర్ మెడ మీద గొరిగిన చోట వెంట్రుకలు మళ్లీ వచ్చాయి, కానీ అరచేయంత మేర రంగు తేలిపోయి, చుట్టూ ఉన్నవాటికి ఎదురు దిక్కుగా వాలి ఉన్నాయి. అక్కడ చేయి పెట్టాను. వెచ్చగా ఉంది. అది గడ్డి నమిలినప్పుడల్లా ఆ మచ్చ మెల్లగా కదులుతోంది.