సాక్ష్యం చెప్పించిన ఆదివారం

తొంభైల చివర్లో రెండేళ్ళు నేను బెంగుళూరులో తాగుడు మానాలని చూస్తున్నవాళ్ళ ఇళ్ళకు తిరిగాను. ఒక ఆసుపత్రి పెట్టిన పరిశోధన అది. వార్డులో వైద్యం చేయించుకుని వెళ్ళాక ఎవరు ఎక్కువకాలం నిలబడతారు? మానినవాళ్ళే ఒకరికొకరు తోడుగా నడుపుకునే మీటింగులకు పోయేవాళ్ళా, మాత్రలతో సరిపెట్టుకునేవాళ్ళా? అది తెలుసుకోవాలి. తెలుగువాళ్ళను అడిగే పని నాది. నెలకొకసారి వెళ్ళి ఫారం నింపాలి. అందులో నాకు ముఖ్యమైన ప్రశ్న ఒక్కటే: గడిచిన ముప్పై రోజుల్లో ఎన్ని రోజులు తాగారు?

ఆ గడిలో సున్నా రాసిన రోజు నాకు అన్నం సహించేది. పెద్ద అంకె రాసిన రోజు బస్సులో కూర్చోలేక మధ్యలోనే దిగి నడిచేవాణ్ణి. ఒక ఆత్మ నశిస్తుంటే నేను పెన్ను పట్టుకుని కూర్చున్నానే అనిపించేది. మా నాన్న చర్చిలో సంఘ పెద్ద. అక్షరాలు దిద్దకముందే బైబిలు వాక్యం కంఠస్థం చేయించిన ఇల్లు మాది. ఊరికే అడిగి, రాసుకుని, లేచి రావడం నాకు చేతకాలేదు.

బొమ్మసంద్రలో లేత్ మెషిన్ మీద పనిచేసే ఒకాయన ఉండేవాడు. నలభై దాటాయి, హోసూరు వైపు మనిషి. అన్నా అని పిలిచేవాణ్ణి. వార్డు నుంచి వచ్చాక నాలుగు నెలలు వరసగా సున్నా. వారానికి రెండు సాయంత్రాలు మీటింగుకు పోయేవాడు. ఆయన్నీ భార్యనీ మా తెలుగు సంఘానికి, ఆదివారం ఆరాధనకు తీసుకెళ్ళాను. ఫారం నింపే మనిషి అలా చేయకూడదని తెలుసు. దేవుని పనికి ఆసుపత్రి నియమం అడ్డమా అనుకున్నాను.

మా సంఘంలో ఆరాధన మధ్యలో సాక్ష్యాలు చెప్పిస్తారు. మేలు పొందినవాళ్ళు ముందుకొచ్చి మైకులో చెప్పాలి. ఆయన్నీ చెప్పమన్నాను.

"నాకొద్దప్పా. మీటింగులో అయితే పోయిన వారం తాగితిని అని కూడా చెప్పొచ్చు. టీ ఇచ్చి కూర్చోమంటారు. మీ కాడ అట్ల కుదరదు గదా."

"దేవుడు చేసిన మేలు దాచుకుంటారా అన్నా?"

"దాచుకోలేదప్పా. ఇంకా పచ్చిగా ఉండాది. ఆరనీ."

మూడు ఆదివారాలు వెంటపడ్డాను. నాలుగో ఆదివారం ఆయన మైకు పట్టుకుని, తల ఎత్తకుండా, "తాగుడు నుంచి నాకు పూర్తిగా విడుదల దొరికింది" అన్నాడు. ఆ "పూర్తిగా" నేను నేర్పిన మాట. సంఘమంతా స్తోత్రం అంది. ఆ వారం నుంచి ఉపవాస ప్రార్థనల్లో ఆయన్నే ఉదాహరణగా చూపించారు. కానుకల సంచి పట్టే పని ఇచ్చారు. విడుదల పొందినవాడికి ఇంక ఆ మీటింగ్ ఎందుకని ఎవరో అన్నారు. ఎవరో కాదు, నేనే అన్నాను. ఆయన పోవడం మానేశాడు.

తర్వాతి రెండు నెలలూ నేను ప్రశ్న పూర్తిచేయకముందే "సున్నా" అన్నాడు. నేను రాసుకున్నాను. రెండోసారి ఆయన భార్య నా వెనకే బస్టాపు దాకా వచ్చింది.

"ఏం రాసుకుంటివప్పా?"

"సున్నా అక్కా."

"ఈ నెల్లో అయిదు తూర్లు ఆయన్ని ఇంటికి మోసుకొచ్చినారు. ఇంకొక్క తూరి జరిగితే పనికి రావద్దన్నారు ఫ్యాక్టరీలో. మళ్ళీ వార్డులో చేరుదువు రా అంటే, ఆ తమ్ముడికి తెలుస్తాది, సంఘంలో మొహం ఎట్ల చూపేది అంటాడు. నువ్వు మంచోడివే. నిన్ను చూస్తే మాత్రం ఆయనకి నిజం రాదు."

బస్సు వచ్చింది. ఎక్కలేదు. ఆ తర్వాతదీ ఎక్కలేదు.

మర్నాడు పరిశోధన నడిపే డాక్టరమ్మకు చెప్పాను. ఆమె నా ఫారాలు తిరగేస్తూ, "మీ చర్చికి ఇంకా ఎవరిని తీసుకెళ్ళారు?" అంది. ఇంకో ముగ్గురిని. వాళ్ళవీ సున్నాలే. నలుగురినీ వేరేవాళ్ళు మళ్ళీ అడగాలంది.

"మీరు ప్రార్థన చేసుకోండి, నేనొద్దనను. కానీ తాగానని చెప్పుకోవడానికి ఆయనకు ఒక చోటుండాలి కదా. మీటింగ్ మాన్పించారు. ఈ ఫారమూ మూసేశారు."

ఆ రోజు ప్రార్థనకు మోకరించి ఉండలేకపోయాను. లేచి గదిలో తిరిగాను. ఒప్పుకోలు గురించి చిన్నప్పటి నుంచి వింటున్నవాణ్ణి. మా మైకు దగ్గరికి మాత్రం అందరూ గెలిచాకే వచ్చారు.

ఆదివారం నేనే ముందుకెళ్ళాను. ఒక మనిషి వద్దంటున్నా నా సంతోషం కోసం సాక్ష్యం చెప్పించానని, మాటలు కూడా నేనే నేర్పానని చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు. ఆ మనిషెవరో అందరికీ తెలుసు. ఆయన వెనక వరసలో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

బయట చెప్పుల దగ్గర పట్టుకున్నాడు. "నన్ను మళ్ళీ స్టేజి ఎక్కించినావు గదప్పా."

తప్పు దిద్దబోయి అదే తప్పు మళ్ళీ చేశానని అప్పుడు తెలిసింది. క్షమించమన్నాను.

"అడిగేదానికి ఇంకెవరో వస్తారంట గదా. ఎప్పుడు?"

"మంగళవారం. ఒకమ్మాయి వస్తుంది. మన సంఘం కాదు."

"నువ్వు రావద్దు."

బుధవారం ఆయన భార్య బూత్ నుంచి ఫోన్ చేసింది. వార్డులో చేరాడట. ఆ అమ్మాయితో గంటన్నర మాట్లాడాడట. చూడటానికి నన్ను రావద్దని చెప్పమన్నాడట. సరే అక్కా అన్నాను. ఆయన లోపల ఉన్నన్ని రోజులూ సాయంత్రమయ్యేసరికి చెప్పులు వేసుకునేవాణ్ణి, గుమ్మం దాకా వెళ్ళి విప్పేసేవాణ్ణి.