మాస్టారి స్థలపురాణం

మా స్టేషన్ మాస్టారిని ఏమడిగినా సరే, స్టేషన్ పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెడితే తప్ప జవాబు చెప్పరు. అందుకే ఊళ్ళో అందరూ చాటుగా ఆయన్ని ‘స్థలపురాణం’ అంటారు.

“మాస్టారూ, బండి వేళకే వస్తోందా?” అని టికెట్టు కిటికీ దగ్గర అడిగామా, అయిపోయామే!

“వేళకేం గానీ, అసలు మన ఊరికి బండెలా వచ్చిందో తెలుసా? కొలతలు వేయడానికొచ్చిన ఇంజినీరు స్టేషన్ పక్కూళ్ళో కడదామనుకున్నాడు. ఇక్కడ బురదలో జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. మంచాన పడ్డన్నాళ్ళూ మనవాళ్ళే సాకారు. లేచి నిలబడ్డ రోజున గీత గీసి, ‘స్టేషన్ ఇక్కడే’ అన్నాడు!”

వరసలో వెనకున్నవాళ్ళు టికెట్ల సంగతి అడగడం మానేశారు. కథ ఎంతవరకొచ్చిందో ముందున్నవాళ్ళని అడుగుతారు.

“ఎక్కడిదాకా వచ్చారు?”

“ఇంకా కాలు విరగలేదు.”

“అయితే కాసేపు కూర్చుందాం పద.”

ఓసారి ఎవరింటికో వచ్చిన కొత్తల్లుడు కుళాయి ఎక్కడని అడిగాడు. మాస్టారు ఆవిరి ఇంజన్లు నీళ్ళు తాగిన బావి దగ్గర ఎత్తుకున్నారు. కథలో కుళాయి వచ్చేలోపే బండి వచ్చేసింది. పాపం, ఇంజన్ల దాహం గురించి సమస్తం తెలుసుకుని, ఎండిన గొంతుతో బండెక్కాడు.

నాకు చిరాకేసేది. సైన్సు చదివినదాన్ని, ఎంత ప్రశ్నకు అంతే జవాబుండాలంటాను.

ఆ మధ్య మా పాపకు చెవిపోటు వచ్చింది. పట్నంలో పిల్లల డాక్టరు పొద్దుటే చూస్తారు. ఉదయం బండి తప్పితే ఆ రోజుకంతే. తీరా బయల్దేరే వేళకు, సర్దిన సంచీ మళ్ళీ విప్పి చూశాను. వీధి చివరిదాకా వెళ్ళి, తాళం వేశానో లేదోనని వెనక్కొచ్చాను. స్టేషన్ మలుపు తిరిగేసరికి బండి వచ్చి నిలబడి ఉంది. పాపను భుజాన వేసుకుని పరుగందుకున్నాను.

మాది ఒంటి పట్టాల దారి. ఎదురు బండి లేదని హామీగా మాస్టారు టోకెన్ ఇస్తేనే డ్రైవరు బండి కదపాలి. ఆ టోకెన్ సంచీని భుజాన తగిలించుకుని, మాస్టారు ఇంజను పక్కన నిలబడి ఉన్నారు. డ్రైవరు చెయ్యి చాచే ఉన్నాడు.

“ఇవ్వండి మాస్టారూ!”

“ఇస్తానయ్యా. సరిగ్గా నీ ఇంజను నిలబడ్డ చోటే ఆ ఇంజినీరు...”

“కాలు విరగ్గొట్టుకున్నాడు! తెలుసు!”

“ఏ కాలు?”

డ్రైవరు తడబడ్డాడు. “కుడి... కుడికాలు కదూ?”

“చూశావా! అందుకే మొదట్నుంచీ వినమనేది. ఆ రోజు ముసురు పట్టింది...”

రొప్పుతూ పెట్టెలోకి ఎక్కాను. మరుక్షణం టోకెన్ డ్రైవరు చేతిలో పడింది. ఇంజినీరును బురదలోనే వదిలేసి మాస్టారు పచ్చజెండా ఊపారు.

“అదేమిటత్తా, కథ మధ్యలో ఆపేశారు?” అన్నాను, పక్కనున్న పాలమ్మే ఆవిడతో.

ఆవిడ పకపకా నవ్వింది. “నువ్వెక్కేశావు కదే పిచ్చిపిల్లా! ఇంకెవరి కోసం చెబుతారు? మొన్న నా పాలక్యాన్లు వచ్చేదాకా పార్సిల్ గది చరిత్రంతా చెప్పారు.”

“మరి రోజంతా మనకు చెప్పేది?”

“అది సాధన!”

డాక్టరు చెవిలో మందు వేశారు. తిరుగు ప్రయాణంలో పాప నా ఒళ్ళో హాయిగా నిద్రపోయింది.

వారం తర్వాత మళ్ళీ చూపించడానికి బయల్దేరాను. ఈసారి అందరికంటే ముందే ఎక్కి, ఇంజను పక్క పెట్టెలో కూర్చున్నాను. బండి ఎంతకీ కదలదు. కిటికీలోంచి చూస్తే, మలుపు దగ్గర ఓ ముసలాయన కర్ర పొడుచుకుంటూ వస్తున్నాడు. ఇంజను దగ్గర మాస్టారి కథ అప్పుడే అయిపోవచ్చింది. డ్రైవరు చెయ్యి టోకెన్‌ను అందుకోబోతోంది.

కిటికీలోంచి తల బయటపెట్టి గట్టిగా అరిచాను.

“మాస్టారూ! ఇంతకీ ఈ ప్లాట్‌ఫాం రేకులు ఎవరు వేయించారండీ?”