గుడివాడ నుంచి హంసలదీవికి, కదలని సీటుతో

హంసలదీవి చూడాలన్న కోరిక మా పిన్నిది. కారు నేనే నడపాలన్న పంతం నాది. ముందురోజు బందరు నుంచి గుడివాడ వస్తూ పెడనలో దిగి కలంకారీ గుడ్డ కొన్నాను. బాబాయి ఈమధ్యే కొన్న సెకండ్‌హ్యాండ్ కారు సీట్లకి పిన్ని ఆ సాయంత్రమే దానితో తొడుగులు కుట్టి తొడిగేసింది. బటన్ నొక్కితే మోటారు మీద సీటు జరిగే కారు అది. బాబాయి షరతు ఒక్కటే: "బండికి ఏ తేడా వచ్చినా ఫోన్ చెయ్యి, డ్రైవర్‌ని పంపిస్తాను. నువ్వు వెనక కూర్చుందువుగాని."

మర్నాడు పొద్దున ఇంటి ముందే తేడా మొదలైంది. ఆరడుగుల బాబాయి కోసం సీటు చివరిదాకా వెనక్కి ఉంది. బటన్ నొక్కితే బెత్తెడు ముందుకొచ్చి, మూలిగి, ఆగిపోయింది. మళ్లీ నొక్కితే చప్పుడే లేదు. క్లచ్ నా మునివేళ్లకే అందుతోంది.

"ఆయన్ని లేపనా?" అంది పిన్ని.

"లేపితే ఇద్దరం వెనక సీట్లోనే."

పిన్ని లోపలికెళ్లి దిండు తెచ్చి నా వీపు వెనక దోపింది. ఆరున్నరకి బయల్దేరాం. పామర్రులో పెసరట్లు, కాఫీ ఇద్దరికీ కలిపి నూటయాభై రూపాయల్లోపే అయ్యాయి. అక్కడి నుంచి చల్లపల్లి దాకా రోడ్డు బాగుంది, రెండువైపులా కొత్తగా వరి నాట్లు ఊడ్చిన చేలు. చల్లపల్లి మొదట్లో ఓ ట్రాక్టరు అడ్డంగా తిరిగింది. దిండు జారి, నేను వెనక్కి పడి, కాలు బ్రేకు మీంచి తప్పింది. మూరెడు దూరంలో ఎలాగో ఆపాను.

"ఏంటమ్మా, కాళ్లు ఇంట్లో పెట్టొచ్చారా?" అన్నాడు ట్రాక్టరాయన.

ఇక ఇలా నడపకూడదని నాకే తెలిసింది. పిన్ని బాబాయికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. డ్రైవర్ బస్సెక్కుతున్నాడు, బండి కదపొద్దు అన్నాడాయన. అతను వచ్చేలోపు బాగుచేయించుకుంటే సరి, లేకపోతే నా పంతం చల్లపల్లితో సరి.

బస్టాండు దగ్గరి కార్ల ఎలక్ట్రీషియన్‌ని బండి దగ్గరికే పిలిపించాం. అతను ఫ్యూజు తీసి చూశాడు. "ఇది బాగానే ఉందండీ. మోటారు పోయుంటుంది. విజయవాడ తీసుకెళ్లండి."

నాకు నమ్మబుద్ధి కాలేదు. బెత్తెడు జరిగిన మోటారు అక్కడికక్కడే చచ్చిపోయిందా, ఏదైనా పట్టి ఆపిందా? సెల్‌ఫోన్ వెలుతురులో సీటు కిందికి తల దూర్చాను. వైర్ల కట్ట ప్లగ్గు ఊడి వేలాడుతోంది. ఆ కట్టకి తొడుగు కలంకారీ తాడు బిగించి ఉంది; సీటు జరిగేసరికి అదే ప్లగ్గుని లాగేసింది.

"పిన్నీ, ఈ తాడు దేనికి కట్టావు?"

"అడుగున గట్టిగా ఏదో తగిలితే దానికే కట్టానే. తొడుగు జారకూడదని మూడు ముళ్లు వేశాను."

"సీటుకి తాళి కట్టేశావన్నమాట!"

ఎలక్ట్రీషియన్ నవ్వాపుకోలేకపోయాడు. ముడి ఊడలేదు. పిన్ని అతని దగ్గర బ్లేడు తీసుకుని, మోజుపడి కుట్టిన తాడుని తనే కోసేసింది. ఇంజన్ ఆపి ఉండగానే అతను ప్లగ్గు నొక్కిపెట్టాడు. తాళం తిప్పి బటన్ నొక్కాను. సీటు ముందుకొచ్చింది. నా పాదం మొత్తం బ్రేకు మీద ఆనింది.

పిన్ని మళ్లీ ఫోన్ తీసింది. "డ్రైవర్‌ని పామర్రులో దిగిపొమ్మనండి. ముడి నాదేలెండి, బండిది కాదు... ఎవరేంటి? అమ్మాయే నడుపుతుంది." అవతల ఏమన్నాడో గానీ, "చెబుతున్నాగా" అని పెట్టేసింది.

అవనిగడ్డ, కోడూరు దాటి పదకొండు లోపే హంసలదీవి చేరాం. బురదరంగు కృష్ణ సముద్రపు నీలం నీళ్లలో కలిసేచోట పిన్ని చాలాసేపు నిలబడింది. నేను మాత్రం పొద్దుటి సంగతే ఆలోచిస్తున్నాను. సీటు కదలకపోతే నాకు ముందు తోచింది దిండు; కింద ఏముందో చూడాలని తోచడానికి ట్రాక్టరు అడ్డం రావాల్సొచ్చింది. సరిపడని చోట సర్దుకు కూర్చోవడం ఎంత అలవాటైపోయిందంటే, అది సర్దుకోవడమని కూడా అనిపించలేదు.

మీరూ ఇలాంటి కారులో వెళ్తుంటే, తొడుగుల తాళ్లు సీటు కింది వైర్లకి కట్టకండి. తొడిగాక ఇంటి దగ్గరే సీటుని ఈ చివర నుంచి ఆ చివరికి జరిపి చూడండి. ఎక్కడైనా పట్టేస్తే బటన్ వదిలేసి, కిందికి వంగండి.